ముందు నీళ్లు, తర్వాత చేయి

హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే 163వ నంబరు జాతీయ రహదారి మీద జనగామ, రఘునాథపల్లి దాటితే స్టేషన్ ఘన్‌పూర్ వస్తుంది. 2016లో జిల్లాల విభజన జరిగేదాకా వరంగల్ జిల్లాలోని ఊరు, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. ఒక పక్క రైలు పట్టాలు, ఒక పక్క పెద్ద రోడ్డు, చుట్టూ పత్తి చేలు, వరి పొలాలు, దేవాదుల ఎత్తిపోతల నీళ్లు నిలిచే రిజర్వాయరు. ఈ రోడ్డును నమ్ముకుని బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. టాక్సీలు నడిపేవాళ్లు, టైర్లకు పంక్చర్లు వేసేవాళ్లు, వాటర్ సర్వీసింగ్ చేసేవాళ్లు, డెంటింగ్, పెయింటింగ్ షెడ్ల వాళ్లు. దసరాకు వారం ముందు నేను వెతుక్కుంటూ వెళ్లింది ఆ చివరి రకం ఇంటికి. చాలా ఏళ్లు బండ్లకు రంగు కొట్టి, ఇప్పుడు షెడ్డు కొడుక్కి అప్పగించిన ఒక పెద్దాయన ఇల్లు అది. రంగు వేసిన మనిషి తన సొంత కారును ఎలా కడుక్కుంటాడో చూడాలన్నది నా కోరిక.

పొద్దున్నే రమ్మన్నాడు. సూర్యుడు ఇంటి వెనక ఉండగానే పని మొదలవ్వాలట. వాకిట్లో పాత ఎర్ర కారు నిలబడి ఉంది. ముందు రోజు రాత్రి హన్మకొండ నుంచి వచ్చిన బండి. బంపరు నిండా దీపపు పురుగులు అంటుకుని ఉన్నాయి, డోర్ల కింద ఎర్రమట్టి ఆరిపోయి ఉంది, టాప్ మీద సన్నటి బూడిద రంగు దుమ్ము పేరుకుంది. డిగ్రీ చదువుతున్న కూతురు రెండు బకెట్లు తెచ్చి పెట్టింది. నేను అలవాటుగా బానెట్ మీద దుమ్మును వేలితో రాయబోయాను.

“చేయి పెట్టకుండ్రి సార్,” అన్నాడు పెద్దాయన. గొంతులో కోపం లేదు, తొందర ఉంది. “ఎండిన బండిని ముట్టుకోవద్దు. ముందుగాల నీళ్లు, తర్వాత చేయి. గదొక్కటి గుర్తువెట్టుకుంటే సగం పని అయినట్టే.”

ఆ పొద్దంతా నేను నేర్చుకున్నదానికి మూలం ఆ ఒక్క మాటే. మన కార్ల రంగును పాడు చేసేది ఎండ, వాన, దుమ్ము అని అనుకుంటాం. వాటి వంతు వాటిది ఉంది. కానీ ఎక్కువ నష్టం చేసేది, డాష్‌బోర్డు మీద పెట్టుకుని రోజూ పొద్దున బండిని దులిపే ఆ పొడి గుడ్డే.

ఎందుకో ఈ నేలను చూస్తే తెలుస్తుంది. ఘన్‌పూర్ చుట్టుపక్కలంతా గ్రానైటు రాతినేల. ఆ రాయి వేల ఏళ్లుగా అరిగి ఇసుకైంది, దుమ్మైంది. అందులో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్‌ది 7వ స్థానం, అంటే మామూలు ఉక్కు కత్తిని కూడా గీయగలదు. దానికి కారు పైపూత ఒక లెక్కా? గాలికి వచ్చి వాలిన దుమ్ము తనంతట తాను ఏమీ చేయదు. గుడ్డ పెట్టి అదిమి తుడిచినప్పుడే ఆ రేణువు దొర్లి గీత పెడుతుంది.

పెద్దాయన పక్కింటి నల్ల కారు దగ్గరికి తీసుకెళ్లి సెల్‌ఫోన్ లైటు వేసి చూపించాడు. లైటు చుట్టూ గుండ్రంగా సన్నటి గీతలు వందలకొద్దీ మెరిశాయి. “రోజు తుడుస్తడు సార్. మంచిగ చూసుకుంటున్న అనుకుంటడు,” అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు, బాధే ఉంది. తెల్ల కార్లలో ఈ గీతలు కంటికి అంతగా ఆనవు, నలుపు, ముదురు నీలం, ముదురు ఎరుపు రంగుల్లో దాచినా దాగవు.

కారు రంగు ఎలా తయారవుతుందో ఆయన పొరలు పొరలుగా చెప్పాడు. ఫ్యాక్టరీలో ముందు రేకు మొత్తాన్ని ద్రావణంలో ముంచి, కరెంటు సాయంతో తుప్పు పట్టకుండా ఒక పూత ఎక్కిస్తారు. దాని మీద ప్రైమరు, ఆ పైన మనకు కనిపించే అసలు రంగు, అన్నిటి మీదా రంగు లేని క్లియర్ కోటు. నాలుగూ కలిపితే మందం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మెరుపునిచ్చేది, ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునేది ఆ క్లియర్ కోటే. దాని మందం 35 నుంచి 50 మైక్రాన్ల లోపు, తల వెంట్రుకకన్నా పలచన. ఫ్యాక్టరీలో దాన్ని 140 డిగ్రీల దగ్గర కాల్చి గట్టిపరుస్తారు. షెడ్డులో ఆ వేడి పెట్టలేరు, లోపల ప్లాస్టిక్కు, వైర్లు కరిగిపోతాయి. హార్డెనర్ కలిపిన పెయింటు కొట్టి, వేడి పెట్టే పెయింటు బూత్ ఉంటే 60 డిగ్రీల దాకా, లేకపోతే గాలికే ఆరబెడతారు. “అందుకే కంపెనీ రంగు కంపెనీ రంగే. ఉన్నదాన్ని కాపాడుకునుడు ఉత్తమం. నేను రంగు కొట్టేటోడినే, అయినా గిదే చెప్త,” అన్నాడు.

మా మాటల్లో పెంబర్తి ప్రస్తావన వచ్చింది. ఇదే రోడ్డు మీద, జనగామకు ముందుంది ఆ ఊరు. ఇత్తడి రేకు మీద నగిషీలు చెక్కే విశ్వకర్మల పని కాకతీయుల కాలం నుంచీ అక్కడ సాగుతోందని చెప్తారు. ఇత్తడి చెంబును చింతపండు పెట్టి ఎన్నిసార్లు తోమినా కింద ఉన్నదీ ఇత్తడే, మళ్లీ మెరుస్తుంది. కారు మెరుపు అలాంటిది కాదు, పై పొర పోతే కింద అదే పొర మళ్లీ ఉండదు. తోమే కొద్దీ మెరుస్తుందన్న మన ఇంటి జ్ఞానం బండి దగ్గర పనికిరాదు.

ఇక కడగడం. మొదట టైర్లు, డిస్కులు. అక్కడ బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి, బురద, తారు ఎక్కువ. వాటికి వేరే బ్రష్షు, వేరే గుడ్డ. ఆ గుడ్డ పొరపాటున కూడా బాడీ మీదకు రాకూడదు. తర్వాత పైపుతో టాప్ నుంచి కిందికి నీళ్లు పట్టింది కూతురు. ఎండిన మట్టి నానేదాకా ఆగి, మళ్లీ పట్టింది. చేయి ఇంకా తగల్లేదు. చక్రాల పైన వంపుల్లోంచి ఎర్రమట్టి ముద్దలు వాటంతటవే జారి పడ్డాయి. బంపరు మీది పురుగులకు తడి గుడ్డ కప్పి నాననిచ్చారు. గోకితే పురుగుల పెంకులే గీతలు పెడతాయి.

అప్పుడు రెండు బకెట్లు. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. మెత్తటి మైక్రోఫైబర్ గ్లౌజు షాంపూలో ముంచి ఒక భాగం తుడవాలి. మళ్లీ షాంపూలో పెట్టే ముందు ఉత్త నీళ్ల బకెట్లో బాగా జాడించాలి. బండి నుంచి వచ్చిన ఇసుక ఆ రెండో బకెట్ అడుగుకు చేరుతుంది, తిరిగి బండి మీదకు రాదు. పని అయ్యాక ఆ బకెట్ వంచి చూపించింది అమ్మాయి. అడుగున గరుకు ఇసుక పేరుకుని ఉంది. ఒక్క బకెట్‌తో కడిగితే అదంతా తిరిగి రంగు మీదకే ఎక్కేది.

తుడిచే క్రమం కూడా ముఖ్యమే. టాప్, అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పై భాగం, చివరగా డోర్ల కింది భాగం. కింద ఉన్నంత మురికి పైన ఉండదు. చేతిని గుండ్రంగా తిప్పకుండా, ముందుకూ వెనక్కూ తిన్నగా నడపాలి. బరువు వేయొద్దు, గ్లౌజు బరువే చాలు. గ్లౌజు కింద పడితే ఇక ఆ రోజుకు దాన్ని వాడొద్దు.

“బట్టల సబ్బు పొడి వాడితే ఏమవుతుంది?” అని అడిగాను. చాలా ఇళ్లలో జరిగేది అదే కదా.

“జిడ్డు పోతది సార్. జిడ్డుతోపాటు మనం పెట్టిన వ్యాక్స్ కూడా పోతది. రబ్బర్లు ఎండుతయ్,” అంది కూతురే. బట్టల పొడిలో క్షారం ఎక్కువ. గిన్నెలు తోమే సబ్బు నూనెను లాగేయడానికే చేసింది. కారు షాంపూ క్షారమూ ఆమ్లమూ కాకుండా మధ్యస్థంగా ఉంటుంది, జారుడు గుణం ఎక్కువ. ఆ జారుడే ఇసుక రేణువుకూ రంగుకూ మధ్య అడ్డం నిలుస్తుంది.

నీళ్ల దగ్గర ఈ ఇంటి వాళ్ల జాగ్రత్త నాకు బాగా నచ్చింది. ఇక్కడి బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు దండిగా ఉంటాయి. ఎండలో కడిగితే చుక్క ఎక్కడ ఆరితే అక్కడ తెల్ల మచ్చ. కొన్నాళ్లు వదిలేస్తే అది పైపూతలోకి దిగిపోతుంది. కొత్త మచ్చలకు వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి గుడ్డతో అద్ది, వెంటనే కడిగేస్తే పోతాయి. అసలు రాకుండా ఉండటానికి వీళ్లు వానాకాలంలో కప్పు మీది నీళ్లను మూతపెట్టిన డ్రమ్ములో పడతారు. చివరి కడుగు ఆ వాననీళ్లతోనే. వాననీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, మచ్చ పడదు. ఆ తర్వాత పెద్ద మైక్రోఫైబర్ తువ్వాలును బానెట్ మీద పరిచి, రుద్దకుండా మెల్లగా లాగారు. కడిగిన నీళ్లు వాకిలి అంచున ఉన్న ఇంకుడు గుంతలోకి పోయాయి.

మొత్తానికి పైపు కొద్దిసేపే తిప్పారు, మిగతాదంతా బకెట్ల పనే. 2024 మార్చిలో బెంగళూరు జల మండలి తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయలు జరిమానా అని ఆదేశం ఇచ్చింది. మన ఊళ్లకూ అలాంటి ఎండాకాలాలు తెలుసు. పైపు వదిలేసి గంటసేపు కడగడం బండికి అక్కర్లేదు, ఊరికి మంచిది కాదు.

మరకల సంగతికి వస్తే, అన్నిటికన్నా తొందరపడాల్సింది పక్షి రెట్ట విషయంలో. అందులో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఎండకు పైపూత వేడెక్కి మెత్తబడినప్పుడు అది లోపలికి దిగి, చల్లబడ్డాక గుంటలా ముద్ర మిగులుతుంది. బండిలో ఒక నీళ్ల సీసా, ఒక మెత్తటి గుడ్డ ఉంటే చాలు. తడిపి, నాననిచ్చి, ఎత్తేయాలి. మామిడి చెట్టు కింది జీడి, వేప బంక కూడా ఇంతే. నీడ కోసం చెట్టు కింద పెట్టి రంగు పోగొట్టుకునేవాళ్లు పల్లెల్లో ఎందరో. రోడ్డు తారు చుక్కలకు కిరోసిన్ అద్దిన గుడ్డను ఆ చుక్క వరకే పెట్టి, వెంటనే షాంపూతో కడగాలి. మెరుపు కోసం బండంతా డీజిల్ పూసే అలవాటు మాత్రం మానాలి. ఆ జిడ్డుకు గంటలో రెట్టింపు దుమ్ము పడుతుంది. బండికి కవర్ వేసేవాళ్లూ ముందు కడిగి వేయాలి. దుమ్ము మీద కవర్ వేస్తే, గాలికి అది కదిలినప్పుడల్లా రాపిడే.

కడిగి ఆరిన బానెట్ మీద కొంచెం నీళ్లు చల్లింది అమ్మాయి. ముత్యాల్లా నిలిస్తే రక్షణ పూత ఉన్నట్టు, పలచగా పరుచుకుంటే అరిగిపోయినట్టు. పరుచుకున్నాయి. సన్నటి పాలిథిన్ సంచిలోకి చేయి దూర్చి రంగు మీద నిమరమంది. ఉత్త చేతికి నున్నగా తగిలిన చోటే సంచిలోంచి గరుకు తెలిసింది. కడిగినా పోని రేణువులు అవి. వాటిని క్లే బార్ అనే మెత్తటి ముద్దతో, తడి పెట్టి జారుస్తూ తీస్తారు. తర్వాత వ్యాక్స్. కార్నౌబా వ్యాక్స్ బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీది మైనం. 82 డిగ్రీలు దాటితే గానీ కరగదు. పలచగా రాసి, ఆరాక మరో గుడ్డతో తుడిచేయాలి. మన ఎండలకు నెలా రెండు నెలలు నిలుస్తుంది. పాలిమర్ సీలెంట్లు ఇంకొన్ని నెలలు ఎక్కువ ఉంటాయి. సిరామిక్ కోటింగ్ సిలికాన్ డయాక్సైడ్ ఆధారమైన పూత, ఏడాదీ ఆపైనా పనిచేస్తుంది. దానికి వేల రూపాయలు అవుతాయి, రాయి తగిలితే ఆపలేదు. ఏ పూత వేసినా పొడి గుడ్డతో తుడిచే అలవాటు పోకపోతే ఆ డబ్బు వృథా. కొత్తగా షెడ్డులో రంగు వేయించిన భాగానికి నెలా రెండు నెలలు వ్యాక్స్ పెట్టొద్దని, లోపలి ద్రావకాలు ఆవిరి కావాలని పెద్దాయన గట్టిగా చెప్పాడు.

పండగకు ముందు చాలామంది చేయించేది రబ్బింగ్. ఆ రోజుకు బండి తళతళలాడుతుంది. కానీ మిషను పెట్టి కొట్టే ప్రతి రబ్బింగూ క్లియర్ కోటులో కొన్ని మైక్రాన్లు తీసేస్తుంది. ఏటా దసరాకు చేయిస్తూ పోతే ఒక రోజు టాప్ మీద తెల్లగా పొలుసులు లేస్తాయి. “పొలుసు లేచిన బండికి నా దగ్గర మందు లేదు. మొత్తం గీకి మళ్ల కొట్టుడే,” అన్నాడాయన.

ఆయుధ పూజ గురించి కూడా అడిగాను. బండికి బొట్టు పెట్టకుండా దసరా ఎట్లా? ఈ ఇంట్లో పసుపు కుంకుమ ముందు అద్దం మీద పెడతారు, పూలదండ బానెట్‌కు దారం రాసుకోకుండా కడతారు, కొబ్బరికాయ బండికి దూరంగా నేల మీద కొడతారు. కొబ్బరి నీళ్లలోని చక్కెర పడితే బంకలా పట్టి దుమ్మును లాగుతుంది. మర్నాడు నీళ్లు పోసి, నాననిచ్చి, ఆ తర్వాతే తుడుస్తారు. భక్తికి లోటు లేదు, బండికి నష్టం లేదు.

ఈ శ్రద్ధ డబ్బున్నవాళ్ల సరదా కాదని చెప్పడానికే ఇదంతా రాశాను. ఈ రోడ్డు మీద టాక్సీ నడిపే యువకుడికి కారు అంటే అప్పు మీద కొన్న బతుకుతెరువు. నాలుగైదేళ్ల తర్వాత అమ్మేటప్పుడు కొనేవాడు ముందు చూసేది రంగే. రెండు బకెట్లు, ఒక గ్లౌజు, ఒక తువ్వాలు, ఒక షాంపూ సీసా, వారానికి ఒక పొద్దుటి పూట. ఇంతకు మించి ఖర్చు లేదు. అవి కొనే వీలు ఇప్పుడు లేకపోయినా, ఈ రోజే చేయగలిగిన పని ఒకటుంది. కారులోంచి ఆ పొడి గుడ్డను తీసేయండి.