మధ్యలో ఒక టవరు

రెజైనాలో కొండెక్కి చూద్దామంటే కొండ లేదు. దీని ముందు మా కృష్ణా డెల్టా కూడా గతుకుల నేలే. ఇంత చదునులో రేడియో మాట ఎంతదూరమైనా పోవాలి కదా అనుకుంటాం. భూమి గుండ్రమన్న సంగతి తెలిసొచ్చేది అక్కడే. నిలబడ్డ మనిషి చేతిలోని సెట్టుకి దిగంతం అయిదు కిలోమీటర్లు, అటువైపు మనిషిదీ కలిపితే పది. అదే వంద మీటర్ల టవరు మీది యాంటెన్నాకయితే నలభై.

అందుకే రిపీటరు. మనం ఒక ఫ్రీక్వెన్సీలో చెప్పింది విని, అదే క్షణంలో మరోదాంట్లో గట్టిగా చెబుతుంది. రెండు మీటర్ల బ్యాండులో ఆ తేడా మామూలుగా 600 కిలోహెర్ట్జ్. సదుపాయమే, కానీ ఒకరు మాట్లాడుతుంటే మిగతా అందరూ ఆగాలి. పక్కవీధి మిత్రుడితో ఆవకాయ కబుర్లకి ఊరుమ్మడి టవరెందుకు? సెట్లో రివర్స్ బటన్ నొక్కితే అతను టవరుకి పంపేది మనకే నేరుగా వినబడుతోందేమో తెలుస్తుంది. వినబడితే సింప్లెక్స్‌కి మారడం మర్యాద.

ఒక జనవరిలో రెండు కార్లలో మూస్ జా బయల్దేరాం. 70 కిలోమీటర్లు, మైనస్ ముప్ఫై. ముందు నేను, వెనక పిల్లలతో మిత్రుడు. "మంచు లేస్తోంది, నిదానం" అంటూ నేరుగానే మాట్లాడుకుంటున్నాం. (మాటలు తెలుగైనా కాల్ సైన్ మాత్రం ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో చెప్పాలి.) సగం దారిలో సెట్టు బుస్సుమంది. అతని గొంతు లేదు. అయిదు నిమిషాలు వినబడకపోతే ఇద్దరం రిపీటరుకి వెళ్ళాలని ముందే ఒప్పందం. ఆ అయిదు నిమిషాలూ మా ఆవిడ అద్దంలోంచి వెనక్కే చూస్తూ కూర్చుంది.

రిపీటరులో అతను పలికాడు. కారు రోడ్డు పక్కకి జారిందట, ఎవరికీ దెబ్బల్లేవట. నేను బటన్ నొక్కేలోపే ఎవరో పెద్దాయన, "ఎక్కడున్నారు? టో ట్రక్కుకి ఫోన్ చెయ్యనా?" అన్నాడు. నేరుగా పిలిస్తే వినేది నేనొక్కణ్ణే, అదీ అందితే. టవరు దగ్గర ఎవరో ఒకరు చెవొగ్గి ఉంటారు.

అలాగని టవరునే నమ్ముకోలేం. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్ హామ్ సంస్థ తరఫున పోర్ట్ బ్లెయిర్ వెళ్ళిన భారతీ ప్రసాద్ బృందం అక్కణ్ణుంచి భారతదేశానికి సమాచారం అందించింది. షార్ట్‌వేవ్ ఆకాశపు పొరల్లో వంగి వెనక్కొస్తుంది, దానికి టవరు అక్కర్లేదు.

"సెల్ ఫోనుందిగా" అంటుంది మా అమ్మ. అదీ టవరేనమ్మా అన్నాను. ఇప్పుడు మా రెండు కార్లలోనూ స్టీరింగు పక్కన రెండు అంకెలు అంటించి ఉంటాయి. పైది సింప్లెక్స్, కిందది రిపీటరు.