బస్సు ఛార్జీ

ఆటగాడి జీవితచరిత్ర చేతికి వస్తే చాలామంది ముందుగా చూసేది అతడు చేసిన గోల్స్ లెక్క. నేను వెదికేది మరొకటి. చిన్ననాడు అతడు ఊరి నుంచి మైదానానికి ఎలా వెళ్లాడు? దారి ఖర్చు ఎవరిచ్చారు? కర్నూలు జిల్లా పడమటి పల్లెలో పుట్టి పెరిగినందువల్ల కాబోలు, నా ఆలోచన మొదట అటే పోతుంది. మా వైపు వానలు మొహం చాటేసిన ఏడు ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివారిని ఊళ్లో వదిలి, కుటుంబాలు గుంటూరు ప్రాంతపు మిరప కోతలకు తరలిపోతాయి. దీన్ని మావాళ్లు ‘సుగ్గి పోవడం’ అంటారు. కడప దాటి రాజంపేట, రాయచోటి వైపు వెళితే ఇదే ప్రయాణం కువైట్ దాకా సాగుతుంది. కాళ్లూ చేతులే పెట్టుబడిగా ఊరు విడిచే మనిషికి మొదటి చిక్కు దారి ఖర్చే.

బ్రెజిల్ దేశపు మేటి ఫార్వర్డ్ రొనాల్డోకు కూడా ఈ చిక్కు తప్పలేదు. (మీకు బాగా తెలిసిన పోర్చుగల్ రొనాల్డో వేరు, ఇతడు అతడికంటే పెద్దవాడు.) 1976లో పుట్టి, రియో డి జనీరో శివారులోని బెంటో రిబేరో అనే సామాన్యుల పేటలో పెరిగాడు. పేరున్న ఫ్లమెంగో క్లబ్బు అతడి ఆటను మెచ్చింది. కాని రోజూ సాధనకు వెళ్లి రావడానికి బస్సు ఛార్జీ ఇంట్లో లేదు, క్లబ్బు ఇవ్వలేదు. ఆ చిల్లర డబ్బులు ఫ్లమెంగోకు మిగిలాయి. పిల్లవాడు సావో క్రిస్టోవావో అనే చిన్న క్లబ్బుకు వెళ్లిపోయాడు. 1994లో నెదర్లాండ్స్‌లోని పి.ఎస్.వి. ఐంధోవెన్ జట్టు, 1996లో స్పెయిన్‌లోని బార్సిలోనా, మరుసటి ఏడు ఇటలీలోని ఇంటర్ మిలాన్ - ఇలా దేశాలు మారాడు. 1999లో మోకాలు దెబ్బతిన్నది. కోలుకుని 2000లో మైదానంలో దిగిన కొద్ది నిమిషాలకే అదే మోకాలు మళ్లీ తెగింది. ఇక ఆడలేడనుకున్నవారే ఎక్కువ. 2002 ప్రపంచకప్పు ఫైనల్‌లో జర్మనీపై బ్రెజిల్ సాధించిన రెండు గోల్సూ అతడివే.

రొనాల్డో కంటే నలభై ఏళ్లు ముందు, 1936లో, సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో మరో ఫార్వర్డ్ పుట్టారు. ఆయన తులసీదాస్ బలరాం. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పోలీసుల పాత బూట్ల తోలుతో బూట్లు కుట్టించుకుని ఆడారని చెబుతారు. ఆ ఆట సయ్యద్ అబ్దుల్ రహీం కంట పడింది. రహీం ఒకప్పటి బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు, భారత జట్టునూ తీర్చిదిద్దినవారు. హైదరాబాద్ వచ్చి సాధన చేయమని ఆయన పిలిస్తే, రోజూ అంత దూరం రావడానికి డబ్బు లేదన్నాడట ఆ కుర్రవాడు. అద్దె సైకిలుకు కావలసిన డబ్బు రహీమే ఇచ్చారట. గొప్ప గురువు అనే మాటకు నాకు తోచే అర్థం ఇదే. పాఠం ఆ తర్వాతి సంగతి.

ఆ సైకిలు ఎంత దూరం పోయిందో చూడండి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో బలరాం ఉన్నారు. 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. అన్నం, మాట, వాన అన్నీ వేరైన ఆ నగరంలో నాలుగేళ్లకే, 1961లో, ఆ జట్టుకు నాయకుడై కలకత్తా లీగ్ గెలిపించారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీపై ఒక గోల్, పెరూపై ఒక గోల్ చేశారు. హంగేరీ చేతిలో మనం ఓడింది 2-1 తేడాతోనే. ఆనాటి హంగేరీ అంటే ఐరోపాకే హడల్. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం గెలిచింది. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం - ముందు వరుసలోని ఈ ముగ్గురి పేర్లూ కలిపే పలికేవారు.

మరుసటి ఏడే రహీం కన్నుమూశారు. అదే 1963లో ఊపిరితిత్తుల పొరకు సోకిన ప్లూరసీ వ్యాధి బలరాం ఆటను ఆపేసింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు నిండీ నిండలేదు. అర్జున పురస్కారం వచ్చింది. సహచరులిద్దరికీ పద్మశ్రీ దక్కింది, ఆయనకు దక్కలేదు. ఆయన అమ్ముగూడకు తిరిగి రాలేదు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారాలో ఒంటరిగా జీవించి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో మరణించారు. గుంటూరు వెళ్లినవారు ఉగాదికి ఊరు చేరతారు. ఆట కోసం వెళ్లినవారి లెక్క వేరు. వారు తెచ్చిన పేరు మనకు మిగులుతుంది, వారు మాత్రం అక్కడే ఉండిపోతారు. మీ తరగతిలో బలరాం పేరు విన్నవారు ఎందరో ఒకసారి అడిగి చూడండి.

ఇప్పుడు ఆ దారిలో ఆడపిల్లలూ నడుస్తున్నారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫార్వర్డ్ గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. ఈ వార్త చదివి వినిపించిన రోజు మా కళాశాలలో మొదటి సంవత్సరం అమ్మాయిలు అడిగిన ప్రశ్న ఒక్కటే: “అంత దూరం ఇంట్లో ఎలా పంపించారు సార్?”

మా మైదానంలో గడ్డి పరక ఉండదు. ఎండాకాలంలో పరుగెత్తితే ఎర్రదుమ్ము మోకాళ్ల దాకా లేస్తుంది. ఆ దుమ్ములోనే బంతిని కాలికి కట్టేసుకున్నట్లు ఆడే కుర్రవాడు ఒకడు ఈ ఏడు చేరాడు. తల్లిదండ్రులు సుగ్గి పోయారు. అవ్వ దగ్గర ఉంటున్నాడు. ఊరు ఇరవై రెండు కిలోమీటర్లు. సాధన సాయంత్రం అయిదింటికి మొదలవుతుంది, వాళ్ల ఊరికి ఆఖరి బస్సు అయిదున్నరకు వెళ్లిపోతుంది. జేబులో బస్సు పాసు ఉంది. ఎక్కడానికి బస్సు లేదు. వ్యాయామ అధ్యాపకుడు ఆలోచించి సాధనను ఉదయం ఆరింటికి మార్చాడు. అటు నుంచి మొదటి బస్సు వచ్చేది ఏడున్నరకు. ప్రస్తుతం వారంలో మూడు రాత్రులు వసతిగృహంలో స్నేహితుడి పక్కన పడుకుంటున్నాడు. అవ్వను ఒంటరిగా వదిలి మిగతా రాత్రులు ఉండలేనంటాడు. ఆ మిగతా రోజుల సంగతి ఇంకా తేలలేదు.