ఆదివారం నాలుగున్నర బస్సు

సంచికకి ఏదైనా రాసివ్వమని యూనియన్ సెక్రెటరీ అడిగితే కవిత్వం నాకు చేతకాదన్నాను. "అయితే నీ గోడే రాయి" అన్నాడు నవ్వుతూ. రాస్తున్నది నా గోడు కాదు, మా నాయనది. ఆయన్ని అడిగే రాస్తున్నా. "పేరెయ్యొద్దు, ఊరెయ్యొద్దు. మిగతాది నీ ఇష్టం" అన్నాడు. అందుకే నా పేరు కూడా వెయ్యొద్దని సంపాదకులవారికి మనవి చేసుకున్నాను.

మాది మైపాడు వైపు ఒక పల్లె. మూడెకరాల మాగాణి, రెండు గేదెలు. నాయన మొదట్లో కోతలప్పుడు తాగేవాడు. తర్వాత నాట్లప్పుడూ తాగాడు. ఆ తర్వాత ఏ పనీ లేనప్పుడు కూడా. నేను బి.ఎస్సీ. రెండో ఏడుకొచ్చేసరికి, పొద్దున్నే ఒక గుక్క పడితేగాని ఆయన చేతిలో గ్లాసు నిలిచేది కాదు.

మా అవ్వకి ఇది మరీ అవమానం. 1992లో మన జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు, ఆ గాలి మా ఊరికీ సోకింది. సారా ప్యాకెట్లు చించి కాలవలో పోసినవాళ్ళలో అవ్వ ఒకతె. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో సారా పోయింది, అక్టోబరులో రాష్ట్రమంతా పోయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. "అంగడి మూయించా గానీ కన్నకొడుకు నోరు మూయించలేకపోయా" అంటుంది అవ్వ. ఆ ఉద్యమాన్ని తక్కువ చేసే అర్హత నాకు లేదు. కాకపోతే అంగడి మూతపడ్డంత మాత్రాన అలవాటైన ఒంటికి ఏమవుతుందో మా ఊళ్ళో ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఆలోచించి ఉంటే మా ఇంట్లో ఆ రాత్రి వచ్చేది కాదు.

పోయిన వేసవిలో అమ్మ పోరు పడలేక నాయన జొన్నవాడ కామాక్షమ్మ దగ్గర ఒట్టేసి ఒక్కసారిగా మానేశాడు. ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. మూడో రాత్రి ఒళ్ళంతా చెమటలు. గోడ మీద చీమలు పాకుతున్నాయని చేత్తో తుడవడం, ఎప్పుడో అమ్మేసిన ఎద్దుల్ని పేరుపెట్టి అదిలించడం! అమ్మ గాలి సోకిందని తాయెత్తు కోసం పరుగెత్తింది. కెమిస్ట్రీ చదివే నాకు ఇథనాల్ ఫార్ములా తెలుసు, అంతకుమించి ఏమీ తెలియదు.

నెల్లూరు పెద్దాస్పత్రిలో డాక్టరుగారు చెప్పారు: "తాడు ఆ కొసన ఒకడు లాగుతుంటే ఈ కొసన మనమూ బలం పెడతాం కదా. వాడు ఉన్నట్టుండి వదిలేస్తే వెల్లకిలా పడతాం. ఏళ్ళ తరబడి తాగినవాడి మెదడు సంగతీ అంతే." ఇలా ప్రాణాలు కూడా పోతాయట. రోజూ బాగా తాగేవాడు డాక్టరు లేకుండా ఒక్కసారిగా మానకూడదట. బి-1 విటమిను ఇంజెక్షన్లు, వణుకు తగ్గే మందులు ఇచ్చి నిలబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు, "మందుతో సగమే అయింది. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ వాళ్ళ మీటింగు ఎక్కడుందో కనుక్కో" అన్నారు.

కనుక్కోవడం అంత సులువా? బ్రాందీ షాపు ఎక్కడని అడగడానికి ఎవడికీ సిగ్గుండదు. మానిపించే చోటు ఎక్కడని అడగడానికి నాకు నాలుక తిరగలేదు. రెండు టీకొట్ల దగ్గర నిలబడి, టీ తాగి, అడక్కుండానే వచ్చేశాను. చివరికి ఒక ఆటో ఆయన్ని గొంతు తగ్గించి అడిగితే, ఆయన బండి పక్కకి ఆపి, "నీకా, మీ నాయనకా?" అన్నాడు. ఆయన కూడా అక్కడికే వెళ్తాడట! (కేంద్ర ప్రభుత్వం వారి 14446 అనే ఉచిత ఫోను ఉందని నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే నాలుగు టీల డబ్బులు మిగిలేవి.)

ఆదివారం సాయంత్రం ఒక చిన్న బడిగది. రెండో తరగతి పిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్న పెద్ద మగవాళ్ళు. ఫీజు లేదు, రిజిస్టరు లేదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలట. ఒక్కొక్కరు లేచి పేరు చెప్పి, "నేను తాగుబోతుని" అని మొదలుపెడతారు. 1935లో అమెరికాలో ఏక్రన్ అనే ఊళ్ళో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను, ఇద్దరూ తాగి చెడినవాళ్ళే, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోవడంతో ఇది మొదలైందనీ, మన దేశానికి 1957లో వచ్చిందనీ అక్కడే విన్నాను. మిగతావాళ్ళు చెప్పుకున్నవి రాయను, అక్కడి మాట అక్కడే ఉండాలని నియమం.

మూడు వారాలు నాయన నోరు విప్పలేదు. నాలుగో వారం లేచి నిలబడి, "మావాడి పరీక్ష ఫీజు తాగేశాను" అన్నాడు. ఆ ఫీజు పోస్టాఫీసు వాళ్ళు పోగొట్టారనే నేను ఏడాదిగా నమ్ముతున్నాను. అక్కడికక్కడ కోపం ముంచుకొచ్చింది. బయటికొచ్చి పంపు దగ్గర మొహం కడుక్కుని, మళ్ళీ లోపలికి పోయి ఆయన పక్కనే కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ చెప్పలేను.

సంక్రాంతికి మళ్ళీ తాగాడు. ఇక ఆ మొహం పెట్టుకుని పోనన్నాడు. ఆటో ఆయనే మా ఊరికొచ్చి, అరుగు మీద కూర్చుని, "నేను నాలుగుసార్లు జారిపడ్డానన్నా, పద" అన్నాడు. తిట్టనూ లేదు, బుజ్జగించనూ లేదు.

వడ్ల బస్తాలు లెక్కపెట్టడానికి మా కొట్టు తలుపు వెనక సుద్దగీతలు గీసేవాళ్ళం. ఇప్పుడు నాయన అక్కడే రోజుకో గీత గీస్తున్నాడు. సంక్రాంతికి ముందువి చెరిపేసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఇది రాస్తున్న రాత్రికి డెబ్బై మూడు. వచ్చే ఆదివారం నాకు రికార్డులు పూర్తిచేసే పని ఉంది. నాలుగున్నర బస్సుకి తానొక్కడే పోతానన్నాడు నాయన. అమ్మ నా వంక చూసింది. నేను టిక్కెట్టు డబ్బులు సరిగ్గా లెక్కపెట్టి ఆయన చేతికిచ్చాను, ఇంకో పది కలిపి.