చింతపిక్కల బడి

మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుండగా అటక మీద నుండి ఒక పాత రేకుపెట్టె దిగింది. మూత తీసి చూస్తే లోపల పురికొసతో కట్టిన అట్టముక్కల కట్ట. శుభలేఖల వెనుకవైపున, చొక్కాల పెట్టెల అట్టల మీద ఎర్రసిరాతో పెద్దపెద్ద అక్షరాలు. కొన్నింటి అంచులు పురుగు కొట్టేసింది. అయినా చదవవచ్చు. కొడవలి, చేట, కోవూరు, గూడూరు, అసలు, వడ్డీ, గడువు. పాత కాగితాలవాడికి వేసేద్దామా అని మా ఆవిడ అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆమెకు సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ చెప్పలేనిది ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

అది 1991వ సంవత్సరం. జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలై మూడేళ్ళు. అంతకు ముందు ఏడాదే కేరళలోని ఎర్నాకుళం దేశంలో మొదటి సంపూర్ణ అక్షరాస్య జిల్లాగా పేరు తెచ్చుకుంది. ఆ స్ఫూర్తితో మా నెల్లూరు జిల్లాలో "అక్షరదీపం" వెలిగించారు. ఆ ఏటి జనాభా లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో ప్రతి వందమంది స్త్రీలలో చదవను వ్రాయను వచ్చినవారు ముప్ఫైముగ్గురు మాత్రమే. పదిహేను నుండి ముప్ఫైయైదేళ్ళ లోపు వారికి మూడు వాచకాలు, సుమారు రెండు వందల గంటల చదువు అన్నది పథకం. చెప్పేవారికి జీతం లేదు. డిగ్రీ చదువుతున్న నేను ఊళ్ళో వాలంటీరుగా పేరు ఇచ్చాను. నిజం చెప్పాలంటే, పేరు ఇచ్చినప్పుడు నాలో సేవాభావం కంటే అయ్యవారినన్న గర్వమే ఎక్కువ.

రామాలయం అరుగు మీద, ఒక లాంతరు చుట్టూ, రాత్రి ఏడున్నరకు బడి. మొదటి రోజు పదిమంది స్త్రీలు వచ్చారు. అందరూ పగలంతా నాట్లలోనో కలుపులోనో నడుము వంచి వచ్చినవారే. నాకు తెలిసిన చదువు నా చిన్ననాటి బడి ఒక్కటే కనుక అలాగే మొదలుపెట్టాను. అ, ఆ, ఇ, ఈ. పలక మీద దిద్దడం, గట్టిగా అనడం. వారం తిరిగేసరికి పదిమంది ఆరుగురయ్యారు. విసుగుపుట్టి వెళ్ళిపోతున్నారని తలచి ఆటలు పెడదామనుకున్నాను. నాకు తెలిసిన ఆటలు కూడా బడిపిల్లల ఆటలే! గుండ్రంగా నిలబెట్టి ఒక్కొక్కరికీ ఒక అట్టముక్క చూపడం, చెప్పలేనివారిని పక్కన నిలబెట్టడం, చివరికి మిగిలినవారికి అందరూ చప్పట్లు కొట్టడం.

అందులో మొట్టమొదట పక్కన నిలబడవలసి వచ్చినావిడ నలభై అయిదేళ్ళ మనిషి. ఊరంతా పెద్దమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. వయసు దాటినందువల్ల జాబితాలో ఆమె పేరు లేదు. అయినా తనంతట తాను వచ్చిన మనిషి. ఆ రాత్రి ఆమె ఏమీ అనలేదు. కొంగు సర్దుకుని, ఆట ముగిసేదాకా స్తంభం పక్కన నిలబడి, వెళ్ళిపోయింది. మరునాడు రాలేదు. ఆ మరునాడూ రాలేదు.

మూడోనాడు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కూర్చుని చేటలో కందులు ఏరుతూ ఉంది. బడికి రమ్మన్నాను. తలెత్తకుండానే అంది:

"అబ్బయా, వరి మొలకేదో, ఊద మొలకేదో నీకు తెలుసునా?"

రెండూ పచ్చగానే ఉంటాయి గదా పెద్దమ్మా, నాకు తెలియదన్నాను.

"నాకు తెలుసు. తెలుసు గదా అని నిన్ను గట్టు మీద నిలబెట్టి నలుగురిలో అడిగినానా?"

నాకు తల కొట్టేసినట్లయింది. వయోజనులకు చెప్పడం గురించి తరువాతి కాలంలో కొన్ని పుస్తకాలు చదివాను కాని, వాటన్నిటి సారమూ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉందని ఇప్పటికీ నా నమ్మకం. పసివాడు తప్పు చెబితే నవ్వేసి మరచిపోతాడు. వాడికి తప్పు చేయడమే పని. నలభై ఏళ్ళ మనిషి ఒక సంసారాన్ని, నాలుగు ఋతువుల సేద్యాన్ని తలలో పెట్టుకుని మన ముందు కూర్చుంటుంది. ఆమెకు రానిది అక్షరం ఒక్కటే. ఆ ఒక్కదాన్ని పట్టుకుని ఆమెను ఓడించే ఆట, ఆట కాదు.

వెనక్కి నడుస్తూ ఆ ఊద మొలక గురించే ఆలోచించాను. ఆ రాత్రి చాప మీద నాలుగు అట్టముక్కలు పరచాను. కొడవలి, పార, తట్ట, దోసకాయ. "ఇందులో కలుపు ఏరండమ్మా" అన్నాను. ఒకరు కాదు, ముగ్గురేసి కలిసి. మాట్లాడుకోవచ్చు, ఒకరినొకరు అడగవచ్చు, ఎవరూ నిలబడనక్కర లేదు. వాళ్ళు చాప మీదికి వంగిన తీరు చూస్తే చేలోకి వంగినట్లే ఉంది. దోసకాయను ఏరి అవతల పారేశారు. "కలుపుతీత" మా బడిలో మొదటి ఆట అయింది. పెద్దమ్మకు కబురు వెళ్ళినట్లుంది, రెండు రోజులకు తానే వచ్చి చాప చివర కూర్చుంది.

ఆ తరువాత ఆటలు నేను కనిపెట్టలేదు, వాళ్ళ ఇళ్ళలో ఉన్నవే అరుగు మీదికి వచ్చాయి. ముగ్గు వేసే చేతులకు సున్నపుబలపం బరువు కాని పిండి బరువు కాదు. అందుకని కొత్త మాటను నేల మీద పిండితో వ్రాయించి, ఆ గీత మీద చింతపిక్కలు పేర్పించేవాణ్ణి. "వ"కూ "ప"కూ తేడా కంటికి అందకపోయినా, పిక్క ఎక్కడ ఆగుతుందో వేలికి అందేది. వామనగుంటల పీట ఎలాగూ ప్రతి ఇంట్లోనూ ఉండేది. పద్నాలుగు గుంటల పక్కన పద్నాలుగు మాటలు పెట్టి, చివరి పిక్క ఏ గుంటలో పడితే ఆ మాట చదవాలని నియమం పెట్టుకున్నాం. ఒక్క పూటలో ఒకే మాట అయిదారుసార్లు ఎదురయ్యేది. అదే మాటను నేను పలక మీద అయిదుసార్లు వ్రాయమంటే ఆవలింతలు వచ్చేవి.

బస్సు ఆట మరొకటి. ఇద్దరు ఆడవాళ్ళు బోర్డులు పట్టుకుని నడిచేవారు, తక్కినవారు చెయ్యెత్తి ఆపాలి. ముందు నెల్లూరు, కావలి, ఉదయగిరి. ఇవి తేలిక, ఆకారాలే వేరు. ఆ తరువాతే కోవూరు, గూడూరు. ఒకదాన్నొకటి పోలిన మాటలను ఒకే రోజు పరిచయం చేస్తే రెండూ కలిసిపోతాయని అనుభవం మీద తెలిసింది. ఒకటి బాగా కుదిరాక రెండోది తేవాలి. అలాగే నిన్నటి మాటను ఈరోజు, ఈరోజటి మాటను మూడు రోజులు ఆగి, ఆ పైన వారం ఆగి ఆటలోకి లాగాలి. మరచిపోబోతున్న సమయంలో ప్రయత్నించి గుర్తు తెచ్చుకున్న మాటే నిలుస్తుంది.

ఒకనాటి కలుపుతీతలో బియ్యం, పప్పు, నూనె, సారా అని నాలుగు ముక్కలు వేశాను. అందరూ నవ్వుతూ "సారా"ను ఏరబోయారు. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"మా ఇంట్లో అది కలుపు కాదు నాయనా, అదే పైరు. బియ్యమే కలుపు. దాన్నే ఏరి పారేస్తుండాడు."

ఎవరూ నవ్వలేదు. లాంతరు వత్తి తగ్గించి ఆ పూటకు ముగించాను. 1992లో మా జిల్లాలోనే దూబగుంట స్త్రీలు సారాకొట్టును మూయించారన్న వార్త వచ్చినప్పుడు, వాచకంలోని పాఠం వాళ్ళను కదిలించిందని పత్రికలు వ్రాసినప్పుడు, నాకు ఆశ్చర్యం కలగలేదు. దూబగుంట రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మా ఊరు ఆ చరిత్రలో లేదు. కాని నాలుగు అట్టముక్కలు ఒక అరుగును ఎంత నిశ్శబ్దం చేయగలవో నేను చూశాను.

మీకు ఏ మాట కావాలి అని నేను అడగడం మొదలుపెట్టింది ఆ తరువాతే. చాలా ఏళ్ళకు, బ్రెజిల్ దేశపు పౌలో ఫ్రెయిరే 1963లో ఆంజికోస్ అన్న ఊళ్ళో సుమారు మూడు వందల మంది శ్రామికులకు నలభై గంటలలో చదువు చెప్పించిన కథ చదివాను. వాళ్ళ బ్రతుకులోని మాటలే ఏరుకుని, "ఇటుక" వంటి ఒక్క మాటను ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క నుండి మన గుణింతం వంటి వరుసను అల్లేవారట. మాకు ఆ సంగతి తెలియదు. మా అరుగు మీద అడిగితే వచ్చిన మొదటి మాట "వడ్డీ".

అక్షరమాల వరుసలో పోతే వత్తులు చిట్టచివర వస్తాయి. కాని వాళ్ళు ఆగలేదు. "వడ్డీ"ని ఒక బొమ్మలాగా, మొత్తంగా పట్టుకున్నారు. దానితోబాటు అసలు, బాకీ, గడువు, సాక్షి. ఇవి చేత్తో ముట్టుకోగల వస్తువులు కావు కనుక చింతపిక్కలే రూపాయలయ్యాయి. "అసలు" అన్న అట్ట మీద వంద పిక్కలు పోశాం. నూటికి మూడు రూపాయల వడ్డీ అన్నారు. నెలకు మూడు పిక్కల చొప్పున "వడ్డీ" అట్ట మీద పెడుతూ, పెట్టినప్పుడల్లా ఆ మాట చదువుతూ పోయాం. ఏడాదికి ముప్ఫైయారు. మూడేళ్ళకు నూట ఎనిమిది. వడ్డీ కుప్ప అసలు కుప్పను దాటింది. ఆ లెక్క వాళ్ళకు తెలియనిది కాదు, నోటితో నాకంటే వేగంగా చెప్పగలరు. కుప్పగా కళ్ళతో చూడటం వేరు.

పెద్దమ్మ చాలాసేపు ఆ కుప్పలనే చూసింది. "నేను వేలిముద్ర ఏసిన కాయితంలో ఈ మాటలే ఉండాయా?" అని అడిగింది. ఉంటాయన్నాను. "మరి చెల్లు ఏదీ? నీ అట్టల్లో ఆ ముక్క లేదే!"

నాకు ఆ మాట తెలియదు. ఇచ్చిన డబ్బును నోటు వెనుక వ్రాయించుకోవడాన్ని చెల్లు అంటారని ఆమే నాకు చెప్పింది. ఆమె ఇంతకాలమూ ఇచ్చిన వాయిదాలకు చెల్లు పడిందో లేదో ఆమెకే తెలియదు. ఆ రాత్రి చివరి అట్టముక్క మీద నేను "చెల్లు" అని వ్రాశాను. ఆమె దాన్ని ఇంటికి తీసుకుపోతానని అడిగింది.

మూడేళ్ళ గడువు దాటబోతున్నందున నోటు తిరగవ్రాయడానికి ఆమెను పిలిపించారు. నన్ను తోడు రమ్మనలేదు. జరిగింది తరువాత ఆమె చెబితే విన్నాను. వేలిముద్రకు సిరా పూయబోతే, ఆగమని కాగితం చేతికి తీసుకుందట. ఎదుటివాళ్ళు నవ్వారట. వేలు పెట్టి వెతికి "అసలు" పట్టుకుంది, పక్కన అంకె పట్టుకుంది. పాత నోటు తిప్పి చూస్తే వెనుక ఒక్కచోటనే "చెల్లు" ఉంది. ఆమె ఇచ్చింది మూడుసార్లు. అరగంట మాటల తరువాత ఇంకొక వాయిదా జమకట్టారు. మూడోదాన్ని ఒప్పుకోలేదు. "ఒకటి పోయిందిలే" అంది పెద్దమ్మ. ఆ ముఖంలో పోయినదాని విచారం కనబడలేదు.

ఈ కథను ఇక్కడ ఆపితే అందంగా ఉంటుంది, కాని అది సత్యం కాదు. వాచకాలు పూర్తయ్యాయి, లాంతరుకు కిరసనాయిలు ఆగింది. 1993లో నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చి నేనూ వెళ్ళిపోయాను. నాలుగేళ్ళకు ఊరు వెళ్ళినప్పుడు పెద్దమ్మను పలకరించి, చేతిలో ఉన్న దినపత్రిక ఇచ్చాను. కాసేపు చూసి తిరిగి ఇచ్చేసింది. బస్సు బోర్డులు చదువుతుంది, సంతకం పెడుతుంది, "చెల్లు" గుర్తుపడుతుంది. తక్కినవి పోయాయి. "నువ్వు పొయినాక ఎవరితో ఆడేది?" అంది. నింద లేదు అందులో. అందుకే ఇంకా గుచ్చుకుంటుంది. మాట నేర్పడం విత్తనం చల్లడమని గొప్పగా అనుకునేవాణ్ణి. నీరు పెట్టడం ఎవరి వంతో ఆలోచించలేదు.

మా అపార్ట్‌మెంటులో పని చేసే ఒకావిడ ఈ మధ్య తన ఫోను తెచ్చి, బ్యాంకు నుండి వచ్చిన సందేశం చూపించి, డబ్బు వచ్చిందా పోయిందా అని అడుగుతూ ఉంటుంది. వచ్చిన ప్రతిసారీ చదివి చెప్పేవాణ్ణి. సంక్రాంతి మరునాడు మాత్రం రేకుపెట్టెలోని కట్ట విప్పి, ఖాళీగా ఉన్న రెండు అట్టలు తీసి, ఆ సందేశాలలో వచ్చే మాటలు "క్రెడిట్", "డెబిట్" వాటి ఇంగ్లీషు అక్షరాలలోనే వ్రాశాను. రెండూ ఒకే రోజు ఇవ్వలేదు. మొదటిది ఇచ్చి, వంటింట్లో నుండి గుప్పెడు చింతపిక్కలు తెచ్చి బల్ల మీద పోశాను.

"ఆటా సార్?" అంది నవ్వుతూ.

"ఆటేనమ్మా. కాని ఈసారి మధ్యలో మానేది లేదు" అన్నాను. ఆ మాట ఆమెతో అన్నానో, నాతో నేను అనుకున్నానో!