నిజ్వాలో పుప్పొడి కాలం

నిజ్వాలో చలికాలం వెళ్ళిపోయిందని మా ఇంట్లో ముందుగా తెలిసేది రగ్గులకి. ఫిబ్రవరి చివర్లో వాటిని ఉతికి, డాబా మీద ఆరేసి, అటక మీదికి ఎక్కించేస్తాను. మళ్ళీ నవంబరు ఆఖరుదాకా వాటితో పనిలేదు. ఏసీ అవసరం మాత్రం అప్పుడే రాదు. రగ్గూ ఏసీ రెండూ అక్కర్లేని రోజులు మాకు గట్టిగా ఆరేడు వారాలు. కరెంటు బిల్లు చూసుకుని మురిసిపోయే రోజులు కూడా అవే. ఆ ఆరేడు వారాలే మా వసంతం.

ఒమాన్ అనగానే మనవాళ్ళకి మస్కట్ గుర్తొస్తుంది, లేదంటే జూన్ నుంచి జల్లులతో పచ్చబడే సలాలా. నిజ్వా ఆ రెండింటిలా ఉండదు. మస్కట్ నుంచి లోపలికి 160 కిలోమీటర్లు వస్తే, హజర్ కొండల పాదాల దగ్గర ఉంటుంది మా ఊరు. 17వ శతాబ్దంలో కట్టిన గుండ్రటి కోట బురుజు, దాని పక్కన బజారు, శుక్రవారం పొద్దున్నే మేకల సంత. మేకల్ని గుండ్రంగా తిప్పుతూ ఉంటారు, కొనేవాళ్ళు చూస్తూ బేరం పెడతారు. బంధువులెవరైనా వస్తే ఇవన్నీ ఒక్క పూటలో చూపించేయొచ్చు. వాళ్ళు ఫోటోలు తీసుకుని మధ్యాహ్నానికి వెళ్ళిపోతారు. కోట వెనక మైళ్ళ కొద్దీ ఖర్జూర తోటలున్నాయి. అసలు ఊరు అక్కడుంది. ఆ తోటల అంచున ఒక ఇంటి పై వాటాలో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాం.

వంటగది కిటికీలోంచి చూస్తే పక్కింటి తోట. గోడ పక్కగా సన్నటి కాలువ. దాన్ని ఫలజ్ అంటారు. కొండ కింద తవ్విన తల్లిబావి నుంచి భూమి లోపలే సన్నని వాలుతో, పంపూ మోటారూ లేకుండా, నీళ్ళు ఊళ్ళోకి వస్తాయి. ఇలాంటివి ఒమాన్‌లో ఇప్పటికీ సుమారు 3,000 పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఐదింటిలో మా ఊరి ఫలజ్ దారిస్ ఒకటి. సులేమాన్ ప్రవక్త వచ్చినప్పుడు జిన్నులు పది రోజుల్లో పదివేల కాలువలు తవ్వాయని ఇక్కడి పెద్దవాళ్ళు చెబుతారు. నీరు మొదట తాగడానికి, తర్వాత మసీదుకీ స్నానాలకీ, ఆఖరున తోటలకి. ఎవరి వంతు ఎంతసేపన్నది 'అథర్' లెక్క, అంటే దాదాపు అరగంట. వెనకటికి పగలు కర్ర నీడ చూసి, రాత్రి నక్షత్రాలు చూసి వంతు మార్చేవాళ్ళట. మాది కోనసీమ. కాలువ శివారు రైతుకి నీళ్ళందక జరిగే గొడవలు వింటూ పెరిగినదాన్ని. అందుకే కాబోలు, కాలువలోంచి గుడ్డ కుక్కిన రాయి తీసి పక్క మడికి నీళ్ళు వదలడం చూస్తుంటే నాకు పొద్దు తెలీదు.

ఈ నీళ్ళకీ మా వసంతానికీ ఒక లింకుంది. నేను బి.జెడ్.సి. చదివాను. ఖర్జూరం ఏకలింగాశ్రయి అని, అంటే మగ పూలు ఒక చెట్టుకీ ఆడ పూలు ఇంకో చెట్టుకీ పూస్తాయని, పరీక్ష కోసం బట్టీ పట్టాను. విత్తనం నాటితే సగం మగ చెట్లే వస్తాయి. గాలికి వదిలేస్తే పుప్పొడి ఎగిరి కాయలు కాస్తాయి కానీ, అందుకు మగ చెట్లు చాలానే ఉండాలి. కాయ కాయని చెట్టుకి, అరగంటల లెక్కన కొలిచే నీళ్ళు ఎవరు పోస్తారు? అందుకని మన అరటిలాగే పిలకలు తీసి ఆడ చెట్లే నాటుతారు. పాతిక ముప్ఫై ఆడ చెట్లకి ఒక మగ చెట్టు ఉంచుతారు. గాలి చేయాల్సిన పని మనిషి చేస్తాడు. ఇది ఈనాటి పద్ధతేమీ కాదు. దాదాపు 3,750 ఏళ్ళ కిందటి హమ్మురాబి శాసనాల్లో, ఖర్జూర తోటకి పుప్పొడి పట్టించకుండా దిగుబడి తగ్గించిన తోటమాలి యజమానికి ఎంత కట్టాలో రాసి ఉంది.

మగ చెట్టు కొమ్మల మధ్య కత్తి ఒరలాంటి తొడుగు వస్తుంది. అది పగిలే ముందే కోసి తెస్తారు. లోపల తెల్లటి పూల రెమ్మలు, దులిపితే గోధుమ పిండిలా పుప్పొడి రాలుతుంది. సీజన్లో బజార్లో కూడా ఈ రెమ్మలు అమ్ముతారు. ఆడ చెట్టు తొడుగు పగిలిన మూడు నాలుగు రోజుల్లో ఎవరో ఒకరు పైకెక్కి, నాలుగైదు మగ రెమ్మలు తలకిందులుగా లోపల పెట్టి, ఖర్జూరాకు చీల్చిన పీచుతో వదులుగా కట్టాలి. ఒకే చెట్టుకి తొడుగులన్నీ ఒకేసారి పగలవు. అంటే ఒక్కో చెట్టు నాలుగైదు సార్లు ఎక్కాలి. నఘల్ రకం ముందు పూస్తుంది, ఖసాబ్ ఆలస్యంగా. ఏ మగ చెట్టు పుప్పొడి వాడారన్న దాన్నిబట్టి పండు సైజూ, పండే రోజూ కూడా మారతాయి. దీనికి 1928లో స్వింగిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మెటాజీనియా అని పేరు పెట్టాడు. మా పక్కింటి బాబాకి ఆ పేరు తెలీదు. కానీ మసీదు వెనక ఉన్న మగ చెట్టు రెమ్మలు తప్ప ఇంకోటి తన ఖలాస్ చెట్లకి కట్టనివ్వడు.

బాబాకి డెబ్భై దాటాయి. పోయినేడాది దాకా తనే ఎక్కేవాడు. ఈ జనవరిలో మోకాలు పూర్తిగా మొరాయించింది, డాక్టరు చెట్టెక్కొద్దన్నాడు. కొడుకులిద్దరూ మస్కట్‌లో ఆఫీసు ఉద్యోగాలు, గురువారం రాత్రి వచ్చి శనివారం సాయంత్రం వెళ్ళిపోతారు. తొడుగులేమో సోమవారం పగులుతాయి, మంగళవారం పగులుతాయి. ఫిబ్రవరిలో రెండు వారాలు ఆయన గోడ దగ్గర నిలబడి చెట్టు పైకి చూస్తూ ఉండడం మా కిటికీలోంచి కనిపించేది. అలా చూడడం నాకే ఇబ్బందిగా ఉండేది.

ఆ పైవారం ఒక మనిషి వచ్చాడు. పైన చెట్టు మీద నుంచి ఎవరో ఫోన్లో "ఆ, జెర ఆగు, దిగినంక చేస్త" అనడం వినిపించి, గరిటె పట్టుకునే బాల్కనీలోకి పరిగెత్తాను. ఆర్మూరు దగ్గర పల్లెటూరు ఆయనది. యాభై ఉంటాయి. వచ్చి పదకొండేళ్ళట, నాలుగు తోటల్లో పని. ఊళ్ళో కల్లు గీసేవాడు.

"ఇది మన ఈత చెట్టుకు అన్న అయితది చెల్లె," అన్నాడు. బోటనీ ప్రకారం అక్షరాలా నిజం. రెండూ ఒకే ప్రజాతి, ఈతలో కూడా ఆడా మగా వేరు. "మా దిక్కు పోతుతాడు లెక్కనే ఇక్కడ మగ చెట్టు. ఇండ్ల కొత్తేముంది?" అక్కడ మోకు, ఇక్కడ దాని పేరు హాబూల్. నడుముకి ఆనే చోట వెడల్పుగా అల్లిన తాడు. చెట్టు చుట్టూ వేసి, వెనక్కి వాలి, తాడుని పైకి విసురుతూ పాత మట్టల మొదళ్ళ మీద అడుగేసుకుంటూ ఎక్కుతాడు. తాటిచెట్టు నున్నగా ఉంటుంది కాబట్టి దానికంటే ఇది సులువట, కానీ ముళ్ళే ప్రాణం తీస్తాయట. ఆకు మొదట్లో ఉండే ఆ ముల్లు జానెడు ఉంటుంది. చేతుల మీద గీతలు చూపించాడు.

వాళ్ళ తమ్ముడు ఇంకా ఊళ్ళో గీత పని చేస్తున్నాడు. తాటిచెట్టు మీద నుంచి పడి నడుములు విరిగినవాళ్ళ పేర్లు ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకి సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తమ్ముడికి కూడా వచ్చిందట. "ఆనికి బెల్టు వచ్చింది, నాకు ఈ తాడే," అని నవ్వాడు. నవ్వే మాటేం కాదది. ఆయన ఎక్కినప్పుడల్లా నేను స్టవ్ తగ్గించి వచ్చి చూసేదాన్ని.

ఇంకో సంగతి రెండో రోజు తెలిసింది. ఈద్ అయ్యాక ఆయన పూర్తిగా ఇంటికెళ్ళిపోతున్నాడు. కూతురి పెళ్ళి, తర్వాత మళ్ళీ వీసా ఆలోచన లేదు. అంటే బాబాకి దొరికింది ఒక్క సీజనే. అందుకని బాబా మనవణ్ణి పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, ఇక్కడే కాలేజీ. చేతిలో ఎప్పుడూ ఫోను. వాడికి తాత చెబితే ఎక్కదు, అన్న చూపిస్తే ఎక్కింది. కింద కుర్చీ వేసుకుని చేతికర్ర పైకెత్తి బాబా అరబ్బీలో కేకలు, పైన అన్న సగం హిందీ సగం అరబ్బీలో జవాబు, మధ్యలో తాడు పట్టుకుని బిక్కచచ్చిన కుర్రాడు. మార్చి నెలంతా రంజాను. ఉపవాసం కదా, తెల్లవారగానే ఎక్కి ఎండ ముదరక ముందే దిగేవాళ్ళు. మా అమ్మాయి వార్షిక పరీక్షల చదువు బాల్కనీలోనే సాగింది. ఆరో చెట్టుకి కుర్రాడు ఒంటరిగా ఎక్కాడు. కట్టు వేసి దిగి, అరచేతులు చూసుకుని, నీళ్ళు తాగడానికి లేదని గుర్తొచ్చి కాలువలో మొహం కడుక్కున్నాడు.

మాకూ ఈ వసంతం మామూలుగా లేదు. మా ఆయన చేసే చోట మనవాళ్ళ పోస్టులు ఒక్కొక్కటే స్థానికులకి ఇస్తున్నారు. వాళ్ళ పిల్లలకి ఉద్యోగాలు కావాలి కదా, న్యాయమే. కాంట్రాక్టు జూన్‌లో తేలుతుంది. అందుకే కాబోలు, ప్రతి ఏడూ చూసేవే ఈసారి ఆగి ఆగి చూశాను.

ఉగాది ఈసారి మార్చి 30న వచ్చింది, మర్నాడే ఈద్. పోయినేడాది కూడా అంతే, ఏప్రిల్ 9న ఉగాది, 10న ఈద్. వేపపువ్వుకి ఇక్కడ కరువు లేదు. రోడ్ల పక్కన నీడ కోసం వేసినవి సగం వేపలే, వీళ్ళు షెరీష్ అంటారు. పొద్దున్నే స్టీలు గిన్నె పట్టుకుని బయల్దేరితే, నాకు ముందే ఇద్దరు తమిళ ఆడవాళ్ళు కొమ్మ వంచి నిలబడ్డారు. మామిడికాయ లూలూలో దొరికింది. బొబ్బట్లు మగ్రిబ్ అయ్యాకే పక్కింటికి పంపాను. ఖాలా (బాబా భార్యని అలాగే పిలుస్తాను) పచ్చడి నాలిక మీద వేసుకుని, మొహం చిట్లించి, మందు మంచిదేనంది. బొబ్బట్టు మాత్రం ఇంకోటి అడిగింది. ఆ రాత్రి అన్న మా ఇంట్లోనే భోంచేశాడు. పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నాడు. పెళ్ళి పనుల లెక్కలు చెబుతూ, ఒడిబియ్యంలోకి ఎండు ఖర్జూరాలు ఇక్కడినుంచే పట్టుకెళ్తానన్నాడు. ముబ్సలి అనే రకాన్ని పచ్చగా ఉన్నప్పుడే కోసి, ఉడకబెట్టి, ఎండబెట్టి ఎన్నో ఏళ్ళుగా మన దేశానికి పంపిస్తున్నారు. పెళ్ళిళ్ళలో మనం చేతిలో పెట్టే ఎండు ఖర్జూరం కొన్నిసార్లు ఈ కొండల కిందదే అయి ఉంటుంది.

జబల్ అఖ్దర్ గులాబీల గురించి చాలామంది రాశారు, నేను ఎక్కువ చెప్పను. మా ఊరు 500 మీటర్ల ఎత్తు, పైన సైఖ్ పీఠభూమి 2,000 మీటర్లు. కిలోమీటరుకి ఆరున్నర డిగ్రీల లెక్కన అక్కడ మాకంటే పది డిగ్రీలు చల్లన. మా వసంతం అయిపోతుంటే అక్కడ మొదలవుతుంది. బర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితేనే పైకి వదులుతారు. ఏప్రిల్‌లో పూలు తెల్లవారుజామునే కోయాలి, పదింటికి వెళ్తే ముళ్ళే కనిపిస్తాయి. మట్టి పొయ్యిల మీద కాచిన పన్నీరుకి పొగ వాసన ఉంటుంది. మొదటిసారి కొన్నవాళ్ళు పాడైందనుకుంటారు. కాఫీలో రెండు చుక్కలు వేస్తే సంగతి తెలుస్తుంది.

ఏప్రిల్ రెండో వారంలో అన్న వెళ్ళిపోయాడు. తాడు కుర్రాడికే ఇచ్చేశాడు.

కట్టిన కట్టు ఫలించిందా లేదా అన్నది కింద నుంచి తెలీదు, రెండు మూడు వారాలు ఆగాలి. ఖర్జూరం ఆడ పువ్వులో మూడు అండకోశాలుంటాయి. పుప్పొడి పడితే వాటిలో ఒక్కటే పెరుగుతుంది, మిగతా రెండూ ఎండి రాలిపోతాయి. పడకపోతే మూడూ కలిసి గింజ లేకుండా పెరుగుతాయి, తినడానికి పనికిరావు. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం ఖాలా గోడ మీద నుంచి పిలిచింది. కుర్రాడు సొంతంగా కట్టిన చెట్టు నుంచి గెలకో రెమ్మ చొప్పున ఎనిమిది తెంపి తెచ్చాడు. అందరం కాలువ గట్టున కూర్చున్నాం. మా అమ్మాయి నా పాత భూతద్దం పట్టుకొచ్చింది. బాబాకి అది అక్కర్లేదు, వేలితో తడిమి చెప్పేస్తాడు. మొదటి రెమ్మ మీద బఠానీ గింజంత కాయలు, ఒక్కో చోట ఒక్కటే. రెండోదీ అంతే. అలా ఏడు. ఎనిమిదో రెమ్మ మీద మాత్రం ప్రతి చోటా మూడేసి, గుత్తులుగా. బాబా ఏమీ అనలేదు. కుర్రాడు తాతకేసి చూడలేదు.

ఫోటో తీసి ఆర్మూరుకి పంపాను. పెళ్ళి సందడిలో ఉన్నాడు, వెనక బాజాలు వినిపిస్తున్నాయి. "దుమ్ముగాలి దినం కట్టిండేమో చెల్లె, పుప్పొడి కొట్టుకపోయి ఉంటది. ఆ గెల ఉంచద్దను, కోసెయ్యమను. మిగిలిన ఏడింటికి నీళ్ళు దక్కుతయి."

స్పీకర్లో పెట్టి, హిందీలో చెప్పాను. కుర్రాడు లేచి హాబూల్ భుజానేసుకుని చెట్టు వైపు నడిచాడు. చీకటి పడుతోంది, రేపు ఎక్కమని ఖాలా కేకేసింది.