తలుపు తెరిచే విద్య

మన ఇళ్ళలో తలుపుకు ఒక మర్యాద ఉంది. గడపకు పసుపు రాసి కుంకుమబొట్లు పెడతాం. పండుగనాడు గుమ్మానికి మామిడాకుల తోరణం కడతాం. అయినవాళ్ళ ఇల్లే అయినా తలుపు తట్టి, లోపలినుంచి పిలుపు వినబడ్డాకనే అడుగు పెడతాం. తలుపు పగలగొట్టడం అనగానే మనకు దొంగలే గుర్తుకు వస్తారు. అయితే తలుపు బద్దలు కొట్టినా ఆ ఇంటివారి చేత దండం పెట్టించుకునేవారు కూడా ఉన్నారు. వారే అగ్నిమాపక దళంవారు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ అంటుకొని పేలిపోయింది. మంటలు ఆర్పబోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు విడిచారు. వారి స్మృతికి గుర్తుగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు. ఒక ఏడాది ఆ వారంలో నేను కొందరు పిల్లలను వెంటబెట్టుకొని మా ఊరి అగ్నిమాపక కేంద్రానికి వెళ్ళాను. ఎర్రని బండి, నీళ్ళ తొట్టి, పొడవాటి గొట్టాలు చూస్తామనుకొన్నాం. కాని నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నవి బండి పక్క అరలో వరుసగా పేర్చిన ఇనుప పనిముట్లు.

వాటిలో మొదటిది మనకు కొత్తది కాదు, గునపం. కొన్ని సీమలలో దానినే గడ్డపార అంటారు. తమిళులు కడప్పారై అంటారు. కన్నడిగులకు అది హారె, మరాఠీవారికి పహార్. పొలంలో గుంత తవ్వే ఆ వస్తువే ఇక్కడ ప్రాణం కాపాడుతుంది. దాని పక్కన గొడ్డలి, సమ్మెట, తాళాలను, గొలుసులను కొరికివేసే పెద్ద కత్తెర ఉన్నాయి. మరొక కడ్డీ విచిత్రంగా ఉంది. దానికి ఒక కొన చీలిన నాలుకలాగా ఉంది. రెండవ కొనకు వడ్రంగి బాడిసవంటి పలక, ఒక వాడి ముల్లు ఉన్నాయి. 1940లలో న్యూయార్కు అగ్నిమాపక దళంలో పనిచేసిన హ్యూ హాలిగన్ అనే అధికారి దానిని రూపొందించాడు. ఆయన పేరుతోనే అది హాలిగన్ కడ్డీ అయింది. నూనె ఒత్తిడితో ఇనుప దవడలను విప్పే యంత్రం కూడా ఉంది. నుజ్జయిన కార్లలో చిక్కుకొన్నవారిని బయటికి తీయడానికి కూడా అదే ఉపయోగపడుతుంది.

ఈ కడ్డీల బలం ఎక్కడిది? మీరు సామాన్యశాస్త్రంలో చదువుకొన్న తులాదండ సూత్రంలోనే ఉంది. 75 సెంటీమీటర్ల కడ్డీని తలుపుకూ చట్రానికీ మధ్య దూర్చారనుకోండి. ఆనుకొనే చోటు కొననుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఇవతల 70 సెంటీమీటర్లు మిగులుతుంది. అంటే మన చేతిబలం తలుపు దగ్గర 14 రెట్లు అవుతుంది. అందువల్లనే ఒక మనిషి ఒడుపుగా ఒత్తితే, పదిమంది భుజాలతో గుద్దినా కదలని తలుపు కదులుతుంది.

కాని బలం కన్నా ముందు కావలసింది చూపు. పిడి తిప్పి చూడకుండా కడ్డీ ఎత్తకూడదన్నది వారి మొదటి పాఠం. తాళం వేయని తలుపును పగలగొట్టడం కన్నా తెలివితక్కువ పని లేదు. తరువాత బందుల వైపు చూస్తారు. బందులు బయటికి కనబడితే తలుపు మనవైపు తెరుచుకొంటుంది, కనబడకపోతే లోపలికి తెరుచుకొంటుంది. దానినిబట్టి కడ్డీ ఎటు ఒత్తాలో తేలుతుంది. దుకాణాల ఇనుప షట్టరు అయితే కింద ఉన్న తాళాలను కత్తిరిస్తారు. కిటికీ అద్దమైతే పక్కకు నిలబడి పైభాగాన కొడతారు. అలా చేస్తే పగిలిన ముక్కలు చేతిమీదికి జారవు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం తలుపు వెనుక పొంచి ఉంటుంది. మూసిన గదిలో మంట గాలినంతా తినివేసి నివురుగప్పినట్లు ఉంటుంది. వేడి, మండే వాయువులు మాత్రం గదినిండా ఉంటాయి. తలుపు ఒక్కసారిగా తెరిస్తే కొత్తగాలి లోపలికి దూసుకుపోయి గది అంతా పేలినట్లు భగ్గుమంటుంది. సందులలోనుంచి పొగ ఊపిరి తీసి విడిచినట్లు ఆడుతున్నా, అద్దాలు నల్లబడి కాలుతున్నా వారు జాగ్రత్తపడతారు. నీటిగొట్టం సిద్ధమయ్యాకనే, తలుపు తమ అదుపులో ఉంచుకొని తెరుస్తారు. తలుపు తెరవడం ఎంత విద్యో, తెరవకుండా ఒక్క నిమిషం ఆగడమూ అంతే విద్య.

ఆనాడు మా పిల్లలలో ఒకడు అక్కడి పెద్దాయనను అడిగాడు: "తలుపు పగలగొడితే ఇంటివాళ్ళు మిమ్మల్ని తిట్టరా అన్నా?" ఆయన నవ్వి, "తిట్టనీ బాబూ! తిట్టడానికి మనిషి మిగలాలి కదా!" అన్నాడు. కొంచెం ఆగి మళ్ళీ చెప్పాడు: "అయినా అవసరానికి మించి ఒక్క చెక్క కూడా విరగ్గొట్టం. పని అయ్యాక ఆ ఇంటిని దిక్కులేకుండా వదలి రాము. ఎవరికైనా అప్పగించే వస్తాం." పగలగొట్టేవాడికి కూడా ఒక మర్యాద ఉంటుందని ఆ మాటతో నాకు అర్థమైంది.

అయితే వారు వచ్చేలోగానే జరగకూడనిది జరిగిపోయిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 1883 జూన్ 16న ఇంగ్లండులోని సండర్లాండులో ఒక ప్రదర్శన చివర బహుమతులు పంచుతున్నారు. మేడమీది పిల్లలు వాటికోసం మెట్లు దిగి పరుగెత్తారు. కింది తలుపు ఒక్కొక్కరే పట్టేంత సందు ఉంచి గడియ వేసి ఉంది. ఆ తొక్కిడిలో 183 మంది పిల్లలు చనిపోయారు. అక్కడ మంటలేదు, పొగలేదు. ఉన్నదల్లా ఒక గడియ. నెడితే చాలు తెరుచుకొనే అడ్డకడ్డీ తలుపు ఇంగ్లండులో ఆ విషాదం తరువాతనే పుట్టింది. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో ట్రాన్స్‌ఫార్మరునుంచి రేగిన మంటల పొగ బాల్కనీని కమ్మింది. తలుపులకు గడియలు ఉండటంతో చాలామంది బయటపడలేకపోయారు. 59 మంది మరణించారు. ఎంత మంచి కడ్డీ అయినా, అది వచ్చేదాకా ఊపిరి నిలవాలి కదా!

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లు కాకుండా, మనం చేయవలసిన పనులు ముందే చేసుకోవాలి. రాత్రి లోపల తాళం వేసుకొంటే తాళంచెవి ఇంట్లో అందరికీ తెలిసినచోట ఉంచాలి. మెట్ల కింద, బయటి దారికి అడ్డంగా సైకిళ్ళు, బస్తాలు పెట్టకూడదు. కిటికీలన్నిటికీ కమ్మీలు బిగించినా ఒక్కదానికైనా లోపలినుంచి తెరుచుకొనే ఏర్పాటు ఉండాలి. పొగ కమ్మితే నేలకు వంగి నడవాలి. మూసిన తలుపును వెనుక చేతితో తాకి చూసి, వేడిగా ఉంటే మరో దారి వెదకాలి. బయటపడ్డాక 101కి గాని 112కు గాని ఫోను చేయాలి. మరచిన వస్తువుకోసం తిరిగి లోపలికి పోకూడదు. లోపల ఎవరైనా ఉంటే ఆ మాట దళంవారికి చెప్పాలి, తలుపు సంగతి వారికే వదలాలి.

ఊరికి పదిమంది తలుపులు పగలగొట్టే నేర్పరులు ఉండటం మంచిదే. మనం మాత్రం వారికి ఆ పని పడకుండా చూడాలి. తలుపు బయటి ఆపదను లోపలికి రానీయకుండా ఆపాలే తప్ప, లోపలివారిని బయటికి పోనీయకుండా ఆపకూడదు. మీ బడిలో, మీ ఇంటిలో ఏ తలుపు ఎటు తెరుచుకొంటుందో, దాని తాళంచెవి ఎక్కడ ఉందో ఈ సాయంత్రమే ఒకసారి చూసి రండి.