యూరియా బస్తా పోగు

ఏవండీ, మీ ఇంట్లో యూరియా బస్తా ఉందా? పొలం లేకపోయినా ఉండే ఉంటుంది లెండి. మా గుంటూరు వైపు అది గడప ముందు కాళ్లు తుడుచుకునే గుడ్డ, ఊరెళ్తుంటే బియ్యం మూట, వానకి నెత్తిన ముసుగు. 2018లో 50 కిలోల బస్తా 45కి తగ్గింది గానీ, ఖాళీ బస్తాకి గిరాకీ తగ్గలేదు.

ఆ నేసిన పట్టీ పేరు పాలీప్రొపిలీన్. 1954లో ఇటలీలో నట్టా అనే ఆయన దీన్ని తయారుచేసి, 1963లో నోబెల్ పంచుకున్నాడు. హోటల్ వాడు వేడి కూర పోసిచ్చే డబ్బా అడుగున చూడండి, చాలావాటికి త్రికోణంలో 5 ఉంటుంది. అదీ ఇదే. 160 డిగ్రీల దాకా కరగదు. నీళ్ల సీసా అలా కాదు, అది పెట్, అంకె 1. మరిగే నీళ్లు పోస్తే ముడుచుకుపోతుంది. ఓ సరదా చేయండి: సీసా ముక్క కత్తిరించి, మూతతో పాటు బకెట్లో వేయండి. మూత తేలుతుంది, ముక్క మునుగుతుంది. ఒక్క సీసాలోనే రెండు జాతులు! కల్లంలో మిరపకాయలు ఆరబోసే పట్టా పాలిథిన్, అదీ తేలేదే. బోరు పైపు పీవీసీ, మునుగుతుంది.

ఇన్ని తెచ్చుకున్నా, మిర్చి యార్డుకి కాయ వెళ్లేది టిక్కీ అనే గోనె బస్తాలోనే. గోనెకి గాలి ఆడుతుంది మరి.

పత్తి దగ్గరే అసలు పేచీ. మా పెదనాన్న తీసిన పత్తిని పాత చీరల్లోనే మూట కట్టించేవాడు. యూరియా బస్తాలు అన్ని పడున్నాయిగా అంటే, "పోగు రాలుద్దిరా" అనేవాడు. చాదస్తం అనుకునేవాణ్ణి. మన ఎండకి పాలీప్రొపిలీన్ పెళుసెక్కుతుంది, అంచు చిట్లి వెంట్రుకలాంటి పోగులు ఊడతాయి. పత్తీ తెలుపే, పోగూ తెలుపే. జిన్నింగ్ మిల్లులో కనపడదు, నూలు వడికేప్పుడూ కనపడదు. బట్టకి రంగేస్తే మాత్రం దొరికిపోతుంది. పత్తి నీళ్లు పీల్చి రంగు పట్టుకుంటుంది, ఈ పోగు నీళ్లే తాగదు, ఇక రంగెక్కడ పడుతుంది? నల్లటి తానులో తెల్లటి గీత తేలుతుంది. పత్తిని గుడ్డ సంచుల్లోనే తెమ్మని కొనేవాళ్లు పోరు పెట్టేది అందుకే.

అన్నట్టు, ఆ చీరల మూటలు విప్పాక పెద్దమ్మ ఊరుకునేది కాదు. ప్రతి సీజన్లోనూ ఆమె మంచి చీర ఒకటి అందులోకి వెళ్లిపోయేది.